అక్క గురించి నాలుగు మాటలు చెప్పాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అక్క పోయినప్పుడు పెద్దకర్మ రోజు నేను మాట్లాడాను. అంతకుముందు నాకు మైకు పట్టుకున్న అలవాటు లేదు. ఆ తర్వాత బంధువుల్లో, స్నేహితుల్లో ఎవరింట్లో అక్కో చెల్లో పోయినా ఫోన్ చేసి "ఆ రోజు నువ్వు ఎలా మాట్లాడావు, ఏం రాసుకున్నావు" అని అడుగుతున్నారు. అడిగేవాళ్ళ చేతిలో రెండు మూడు రోజులే ఉంటాయి, నిద్ర ఉండదు, ఇంటినిండా జనం ఉంటారు. అందుకని నాకు తెలిసినదంతా ఒకచోట రాసి పెడుతున్నాను. అన్నీ చదవక్కర్లేదు. కార్యక్రమం రేపే అయితే, ఏం రాయాలో తెలియడం లేదు అన్న ప్రశ్న, ఏడుపు గురించిన ప్రశ్న, ఈ రెండూ చూసుకుంటే చాలు.

అసలు ఇలా మాట్లాడే పద్ధతి మనకి ఉందా? జనం ఏమనుకుంటారో అని భయంగా ఉంది.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని యూలజీ అంటారు, వాళ్ళ అంత్యక్రియల్లో అదొక భాగం. మన దగ్గర ఊళ్ళో పెద్దమనిషి పోతే, యూనియన్ నాయకుడో మాస్టారో పోతే, సంతాప సభ పెట్టి పదిమంది మాట్లాడడం మామూలే. ఇంట్లో ఆడమనిషి పోతే మాత్రం ఆ ఆలోచన చాలా ఇళ్ళల్లో రాదు. ఫొటోకి దండ వేస్తారు, దీపం పెడతారు, వచ్చినవాళ్ళు నాలుగు పూలు వేసి దండం పెట్టుకుని భోజనాలకి వెళ్ళిపోతారు.

కానీ పాతకాలం ఆడవాళ్ళు శవం పక్కన కూర్చుని శోకాలు పెట్టడం గుర్తుందా? "నా తల్లీ, నాకు జడ వేసి బడికి పంపావు కదే, నా పురుటికి వచ్చి నెల్లాళ్ళు చాకిరీ చేశావు కదే" అని రాగం తీసి, పోయిన మనిషి చేసినవన్నీ పేరుపేరునా చెప్పి ఏడ్చేవాళ్ళు. నా దృష్టిలో అదే మన అసలైన పద్ధతి. మీరు చేయబోయేదీ అదే పని, కాకపోతే కాగితం మీద రాసుకుని చేస్తున్నారు. కాబట్టి కొత్తగా ఏదో పెడుతున్నామని బెరుకు పడకండి.

ఎప్పుడు మాట్లాడితే మంచిది? అంత్యక్రియల రోజా, పెద్దకర్మ రోజా?

హిందూ కుటుంబాల్లో అంత్యక్రియల రోజు దీనికి వీలుండదు. అంతా గంటల్లో అయిపోతుంది, మీరే స్పృహలో ఉండరు. ఆ తర్వాతి రోజులు కర్మకాండతో సరిపోతాయి, బ్రహ్మగారు ఎప్పుడు పిలుస్తారో తెలియదు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వచ్చేది పెద్దకర్మ రోజున, మీ వైపు దాన్ని దినం అన్నా, దశదిన కర్మ అన్నా. మాట్లాడాలంటే అదే సరైన రోజు, కానీ ఆ రోజున ఒక్కటే సమయం పనికొస్తుంది, అది వడ్డన మొదలవకముందు. ఒక్కసారి ఆకులు వేశారంటే ఎవరూ వినరు. అది వాళ్ళ తప్పు కాదు, బస్సులకి వెళ్ళాల్సినవాళ్ళు ఉంటారు, షుగరు ఉన్నవాళ్ళు ఉంటారు.

నేను పదకొండున్నరకి మాట్లాడతానని చెప్పుకున్నాను, పన్నెండుంపావు అయింది. అప్పటికి షామియానా వెనక వంటవాళ్ళు గిన్నెలు దించుతున్నారు, పక్కనే జనరేటరు, నా మాట వెనక వరుసలకి వినపడలేదు. ఇంకోసారి అయితే ఇద్దరికి ముందే చెప్పి పెట్టుకునేదాన్ని: వంటల దగ్గర ఉన్న మనిషికి ఒక పావుగంట ఆగమని, మైకు అబ్బాయికి జనరేటరు దూరంగా పెట్టమని.

అదే రోజు కుదరదంటే ఇంకో మార్గం ఉంది. ముందు రోజు సాయంత్రం కావలసినవాళ్ళు ముప్పై నలభై మంది ఇంట్లోనే చాపలు వేసుకుని కూర్చుంటే, మైకు లేకుండా ఒక్కొక్కరూ మాట్లాడొచ్చు. నిజం చెప్పాలంటే నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. నెల మాసికానికో, సంవత్సరీకానికో మాట్లాడినా తప్పేం లేదు. ఏడాది తర్వాత అయితే మనిషి కొంచెం కుదుటపడి ఉంటాడు, గుర్తుకొచ్చేవి కూడా వేరుగా ఉంటాయి.

కార్యక్రమం అక్క అత్తగారింట్లో. పుట్టింటివాళ్ళం మేము మైకు అడిగితే బాగుంటుందా?

ఇది చాలామంది అడుగుతారు, ముఖ్యంగా తమ్ముళ్ళు. పెళ్ళయిన ఆడపిల్ల కార్యక్రమం ఆమె భర్త, కొడుకుల చేతుల మీదుగా జరుగుతుంది, మనం వెళ్ళి పక్కన నిలబడతాం. అందుకే ముందుగా బావగారితోనూ పెద్ద మేనల్లుడితోనూ మాట్లాడండి, ఆ రోజు పొద్దున కాదు, రెండు రోజుల ముందు. "బావగారూ, అక్క గురించి ఒక ఐదు నిమిషాలు మాట్లాడదామనుకుంటున్నాను, మా చిన్నప్పటి సంగతులు, మీకు అభ్యంతరం లేకపోతేనే" అంటే కాదనేవాళ్ళు తక్కువ. ఆయన కూడా మాట్లాడతారేమో అడగండి. ఆయన ముందు, మీరు తర్వాత.

అడగడానికి మొహమాటపడి ఊరుకోవద్దని ఎందుకంటున్నానంటే, అక్కడికి వచ్చిన జనంలో సగం మందికి పైగా ఆమెను పెళ్ళయ్యాకే చూసినవాళ్ళు. వాళ్ళకి ఆమె కోడలు, వదిన, పెద్దమ్మ, టీచరుగారు. పరికిణీ వేసుకుని జామచెట్టు ఎక్కిన పిల్ల, లెక్కల్లో తప్పి మూడు రోజులు అన్నం మానేసిన పిల్ల, మీకు మాత్రమే తెలుసు. అమ్మానాన్నలు కూడా లేకపోతే ఆ పిల్ల సంగతి ఎరిగినవాళ్ళు ఇంక మీరొక్కరే. అది మీరు చెప్పకపోతే ఎవరూ చెప్పరు.

ఆడదాన్ని. మా ఇంట్లో ఆడవాళ్ళు మైకు పట్టుకోవడం ఎప్పుడూ లేదు.

మా ఇంట్లోనూ లేదు. "తమ్ముడు మాట్లాడతాడులే, నువ్వు ఏడుస్తావు" అన్నారు. ఏడిస్తే ఏడుస్తాను గానీ చెప్పాల్సింది నా దగ్గరే ఉంది అన్నాను, మా పెదనాన్న ఒక్కరే "మాట్లాడనివ్వండిరా" అన్నారు, అంతే. ఇంట్లో ఒక్క పెద్దమనిషిని మీ వైపు తిప్పుకోండి, చాలు. మరీ ఇబ్బంది అయితే కూర్చున్న చోటినుంచే మాట్లాడండి.

ఏం రాయాలో తెలియడం లేదు. కాగితం ముందు కూర్చుంటే బుర్ర ఖాళీగా ఉంది.

మొదట నేను రాసింది ఇలా ఉంది: "మా అక్క ప్రేమమూర్తి, సహనశీలి, ఆదర్శ గృహిణి, ఆమె లేని లోటు తీర్చలేనిది." ఒక పేజీన్నర రాసి అక్క కూతురికి చదివి వినిపించాను. అంతా విని ఆ పిల్ల మెల్లగా "పిన్నీ, ఇది మా అమ్మ గురించేనా?" అంది. ఆ కాగితం అప్పుడే చింపేశాను.

ఆ మాటల్లో అబద్ధం లేదు, కానీ అవి ఎవరి ఫొటో కిందైనా అతుకుతాయి. అందుకని ప్రసంగం రాయడానికి కూర్చోకండి, ముందు గుర్తుకొచ్చినవి ఒక్కో ముక్కగా రాసుకోండి, ఒక ఇరవై. ఆమె చేతులు ఎలా ఉండేవి. ఏ మాటతో తిట్టేది. ఫోన్ ఎత్తగానే ముందు ఏమనేది. ఏ కూర చేస్తే వీధి చివరికి వాసన వచ్చేది. ఎందుకు ఎక్కువ నవ్వేది, దేనికి ఎంత భయపడేది. మీకోసం దొంగతనంగా ఏం దాచి పెట్టేది. బతుకమ్మకి పుట్టింటికి వచ్చినప్పుడు బస్సు దిగగానే ఎవరి కోసం చూసేది. ఒడిబియ్యం పోసిన రోజు ఏం మాట్లాడింది. తమ్ముళ్ళయితే భగినీ హస్త భోజనం గుర్తు చేసుకోండి, దీపావళి వెళ్ళాక కార్తీక శుద్ధ విదియనాడు యముడు చెల్లెలు యమున ఇంటికి భోజనానికి వెళ్ళాడని చెప్పుకునే పండగ. ఆ రోజు మీ అక్క ఏం వండేది, వెళ్ళలేకపోయిన ఏడు ఏమంది?

గుర్తు రాకపోతే ఫోన్ తియ్యండి. వాట్సాప్‌లో ఆమె పెట్టిన వాయిస్ మెసేజులు ఉంటాయి, వినే ధైర్యం ఉంటే వినండి, లేకపోతే పక్కన ఎవరినైనా వినమనండి. పెద్దమ్మని, చిన్నప్పుడు పక్కింట్లో ఉన్నవాళ్ళని, ఆమెతో పనిచేసినవాళ్ళని ఒక్కో సంగతి చెప్పమని అడగండి. "అక్క ఎలాంటిది" అని అడిగితే "చాలా మంచిది" అంటారు. "అక్కతో మీకు బాగా గుర్తున్న ఒక్క రోజు చెప్పండి" అని అడగాలి.

అలా రాసుకున్న ఇరవైలో నాకు ఒకచోట చెయ్యి ఆగింది. పిన్నీసులు. మా అక్క నల్లపూసలకి ఎప్పుడూ మూడు పిన్నీసులు వేలాడుతుండేవి, రెండు చిన్నవి, ఒకటి పెద్దది. ఆమె ప్రైమరీ స్కూలు టీచరు. నా ప్రసంగం చివరికి ఇలా మొదలైంది:

"మా అక్క నల్లపూసలకి మూడు పిన్నీసులు ఉండేవి. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది వాటిని ఒక్కసారైనా వాడుకునే ఉంటారు. బళ్ళో పిల్లాడి చొక్కా గుండీ ఊడితే ఒకటి తీసి పెట్టేది. పెళ్ళిళ్ళలో ఎవరి పైట జారినా అక్క కోసమే వెతికేవాళ్ళు. నా పెళ్ళిలో పీటల మీద కూర్చోబోయే ముందు నా చీర కుచ్చిళ్ళు ఊడిపోతే, వెనకనుంచి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, పెద్ద పిన్నీసు నోట్లో పెట్టుకుని, కుచ్చిళ్ళు మళ్ళీ సర్ది గుచ్చింది. గుచ్చేటప్పుడు తన వేలికి గుచ్చుకుంది. ఆ రక్తం నా పట్టుచీరకి అంటకుండా తన కొంగుకి తుడుచుకుంది. సాయంత్రానికి అక్క మెళ్ళో మళ్ళీ మూడు పిన్నీసులు ఉన్నాయి. ఎక్కడినుంచి తెచ్చుకునేదో నేనెప్పుడూ అడగలేదు."

సహనం, ప్రేమ, బాధ్యత అన్న మాటలు ఎక్కడా వాడలేదు చూడండి. ఇలాంటిది ఒక్కటి దొరికితే మిగతావి దాని చుట్టూ వచ్చి చేరతాయి. పిన్నీసునుంచి ఆమె బడి సంగతికి వెళ్ళాను, బడినుంచి మా నాన్న పోయాక ఆమె మొదటి జీతం మొత్తం నా కాలేజీ ఫీజుకి కట్టిన సంగతికి, అక్కడినుంచి ఆఖరి రోజులకి ఒక్క వాక్యంలో, మళ్ళీ పిన్నీసుకి. అన్ని సంగతులూ చెప్పాలని చూడకండి. మూడు చాలు.

ఎంతసేపు మాట్లాడాలి?

ఐదు నిమిషాలు. నేను రాసుకున్నది 400 మాటల లోపు, ఆగి ఆగి చదివితే అంత పట్టింది. ఇద్దరు ముగ్గురు తోబుట్టువులు ఉంటే తలా మూడు నిమిషాలు తీసుకోండి, ఒకరు చెప్పిన సంగతి ఇంకొకరు చెప్పకుండా ముందే పంచుకోండి. ఇంట్లో ఫోన్‌లో టైమ్ పెట్టుకుని రెండుసార్లు గట్టిగా చదవండి, మనసులో చదివితే లెక్క తప్పుతుంది.

మామూలుగా మాట్లాడినట్టు రాయాలా, పుస్తకంలో భాషలా రాయాలా?

మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా. గోదావరి యాస ఉంటే యాసతోనే, "గిట్ల, అట్ల" అనే ఇల్లయితే అలాగే. రాయడం కష్టంగా ఉంటే ఫోన్‌లో రికార్డరు ఆన్ చేసి, ఎదురుగా స్నేహితురాలు ఉన్నట్టు అక్క గురించి పది నిమిషాలు మాట్లాడండి, తర్వాత విని రాసుకోండి. మీ నోటి మాట, కాగితం మీద మాట ఒకటే అవుతాయి. "దివంగత", "కీర్తిశేషులు", "పరమపదించిన" అనేవి కార్డు మీదికీ ఫ్లెక్సీ మీదికీ వదిలెయ్యండి. మీ నోట్లో ఆమె అక్కే.

మా చెల్లిని నేను "అది" అనే అనేవాణ్ణి. స్టేజి మీద "ఆమె" అనాలా?

ఈ ప్రశ్న ఒక స్నేహితుడు అడిగాడు, అడుగుతూనే ఏడ్చేశాడు. పుట్టినప్పటినుంచీ "అది, దానికి, దాన్ని" అన్న చెల్లిని ఒక్కసారిగా "ఆమె, ఆవిడ" అంటే ఇంకెవరి గురించో చెప్తున్నట్టు ఉంటుంది. మరి అందరి ముందు "అది" అంటే ఆమె అత్తగారివైపువాళ్ళకి, ఆఫీసువాళ్ళకి మర్యాదగా వినపడదు. నేను చెప్పిన ఉపాయం ఏమిటంటే, ఆ రెండూ తప్పించి ప్రతిచోటా "మా చెల్లి" అనో, ఇంట్లో పిలిచే ముద్దుపేరుతోనో అనడం. చిన్నప్పటి సంభాషణ చెప్పేటప్పుడు మాత్రం "ఒసేయ్, ఎక్కడికే" అన్నది అన్నట్టే చెప్పొచ్చు, అప్పుడు ఎవరూ తప్పుపట్టరు. అతను ముందే ఒక మాట అనుకున్నాడు: "మా చెల్లిని నేను ఎప్పుడూ మీరు అనలేదు, ఇవాళ కూడా అనలేను, పెద్దలు క్షమించాలి." ఆ మాట తర్వాత జనం అతని వైపు ఉన్నారు.

"ఉంది" అని రాయాల్సిన చోట "ఉండేది" అని రాయడానికి చెయ్యి రాదు. అది అందరికీ జరుగుతుంది. మాట్లాడేటప్పుడు పొరపాటున "అక్కకి పెరుగావడలు ఇష్టం" అనేస్తే సరిదిద్దుకోకండి. అలాగే ఉండనివ్వండి.

ఏమేం చెప్పకూడదు?

జబ్బు వివరాలు వద్దు. ఏ టెస్టులో ఏం వచ్చింది, ఏ డాక్టరు ఏమన్నాడు, ఎన్ని లక్షలు అయ్యాయి, ఇవన్నీ పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ పదిరోజులూ చెప్తూనే ఉన్నారు. మా అక్క 52 ఏళ్ళు బతికింది, అందులో జబ్బు ఎనిమిది నెలలు. ఐదు నిమిషాల ప్రసంగంలో ఆ ఎనిమిది నెలలకి ఒక్క వాక్యం ఇస్తే ఎక్కువ. ఆస్పత్రి మీద కోపం ఉంటే దానికి వేరే చోటు ఉంది, ఇది కాదు.

ఇంకొకటి, కొంచెం జాగ్రత్తగా చెప్పాల్సిన సంగతి. భర్త కంటే ముందు పోయిన ఆడమనిషిని "పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది, పుణ్యాత్మురాలు" అంటారు. ఓదార్పు కోసమే అంటారు, అనే పెద్దవాళ్ళ మనసులో చెడు లేదు. కానీ ఆ వరుసల్లో భర్త పోయిన ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. మా అమ్మ కూర్చుని ఉంది. కన్నకూతురు పోవడం ఒక దెబ్బ, ఈ మాట ఇంకో దెబ్బ. నేను ఆ మాట అనలేదు, అందామనుకున్న మా మేనత్తకి ముందే చెప్పి ఆపాను. మీరూ అనకండి.

అక్క మీకు రహస్యంగా చెప్పుకున్నవి, అత్తగారింట్లో పడ్డ కష్టాలు, పిల్లల ముందు బయటపెట్టే హక్కు మనకి లేదు. పిల్లల పెళ్ళిళ్ళ గురించి, "ఇంక వీళ్ళకి తల్లి ఎవరు" అనే మాటలు కూడా వద్దు. వాళ్ళు అక్కడే కూర్చుని వింటుంటారు.

మా ఇద్దరికీ పడేది కాదు. ఆస్తి దగ్గర గొడవై నాలుగేళ్ళు మాటల్లేవు. నేను ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలి?

ఇలాంటి ఇళ్ళు మీరనుకునే దానికంటే చాలా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణతో, దేశమంతా 2005 సవరణతో ఆడపిల్లలకి కూడా ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది, అయినా అక్కచెల్లెళ్ళు సంతకం పెట్టి వదిలెయ్యాలని ఎదురుచూసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, అడిగిన అక్కని దూరం పెట్టిన ఇళ్ళూ ఉన్నాయి. తప్పు ఎవరిదన్నది ఆ రోజు తేలేది కాదు.

మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, కానీ అంతా సవ్యంగా ఉన్నట్టు నటించకండి, అక్కడున్న ప్రతివాళ్ళకీ సంగతి తెలుసు. "ఈ నాలుగేళ్ళు మా అక్కకీ నాకూ మాటల్లేవు. దాని గురించి ఇవాళ మాట్లాడను. అంతకుముందు ముప్పై ఐదేళ్ళు ఉన్నాయి, వాటి గురించి చెప్తాను" అని మొదలుపెట్టొచ్చు. క్షమాపణ చెప్పాలని ఉంటే ఒక్క వాక్యం చాలు, మైకులో సాగదీస్తే అది అక్క గురించి కాకుండా మీ గురించి అయిపోతుంది. మిగతా క్షమాపణ ఫొటో ముందు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పుకోండి, ఆమె పిల్లలకి చేతల్లో చూపించండి. ఒకవేళ మాట్లాడలేననిపిస్తే మాట్లాడకపోవడం కూడా తప్పు కాదు.

చెల్లి తనంతట తానే ప్రాణం తీసుకుంది. ఏం చెప్పను?

ముందు ఇంట్లోవాళ్ళని అడగండి, ఆ సంగతి బయటికి ఎంతవరకు చెప్పాలనుకుంటున్నారో. ఎలా చేసుకుంది, ఎందుకు చేసుకుంది అనేవి ఆ సభలో ఏ రూపంలోనూ రాకూడదు. కారణం ఒక్కటే ఉన్నట్టు, ఫలానావాళ్ళ వల్లే అన్నట్టు మాట్లాడకండి. "ఇప్పుడు హాయిగా ఉంది, బాధలు తీరాయి" అని కూడా అనకండి, ఆ వరుసల్లో అదే ఆలోచనతో ఉన్న పిల్లలెవరైనా ఉండొచ్చు. "చాలా బాధ మోసింది, మాకు అది పూర్తిగా కనపడలేదు" అనొచ్చు, అది నిజం కూడా. ఆ తర్వాత ఆమె బతికిన జీవితం గురించి, నవ్విన రోజుల గురించి, మిగతావాళ్ళ గురించి చెప్పినట్టే చెప్పండి. ఆమె మరణం ఆమె మొత్తం కథ కాదు.

మీకే రాత్రిళ్ళు తట్టుకోలేనట్టు ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. అది మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు.

మాట్లాడుతుండగా ఏడుపొస్తే?

వస్తుంది. దానికి ఏర్పాటు చేసుకోవాలి, అంతే. నాకు పెద్ద పిన్నీసు దగ్గర వచ్చింది, ఇంట్లో రిహార్సల్ చేసినప్పుడూ అక్కడే వచ్చింది, కాబట్టి వస్తుందని తెలుసు. ఆ వాక్యం ముందు కాగితం మీద ఎర్ర పెన్నుతో గీత పెట్టుకున్నాను, "ఇక్కడ ఆగు" అని. ఆగాను, నీళ్ళు తాగాను, కాళ్ళు రెండూ నేలకి గట్టిగా ఆనించి, ఊపిరి మెల్లగా వదిలాను. మీకు యుగంలా అనిపిస్తుంది గానీ కూర్చున్నవాళ్ళకి అది పది సెకన్లే. ఎవరూ విసుక్కోరు.

"సారీ" అనకండి, అక్క కోసం ఏడ్చినందుకు క్షమాపణ ఎందుకు? ఎదురుగా అమ్మ కూర్చుంటే అమ్మ మొహం చూడకండి, వెనక వరుసలో మరీ దగ్గర కాని మనిషిని ఒకరిని ఎంచుకుని వాళ్ళకి చెప్తున్నట్టు చెప్పండి. ఇంకో కాపీ ఒక మనిషి చేతిలో ఉండాలి, మీరు చెయ్యెత్తగానే లేచి వచ్చి మిగతాది చదివేలా. నా కాపీ మా ఆయన దగ్గర ఉంది. అవసరం పడలేదు, కానీ ఉందన్న ధైర్యంతోనే నేను చివరిదాకా వెళ్ళాను.

టెన్షన్ తగ్గుతుందని ముందు మాత్రలేవో వేసుకుంటామని ఒకరిద్దరు అడిగారు. డాక్టరు చెప్పకుండా వద్దు. పొద్దున్నుంచి ఉపవాసం ఉండి మాట్లాడకండి, ఏదో ఒకటి తినండి. కళ్ళు తిరగడం ఎక్కువగా అందువల్లే.

కాగితం చూసి చదివితే బాగుంటుందా?

చూసే చదవండి. గుర్తుపెట్టుకుని చెప్తాననే ధైర్యం ఆ రోజుకి పనికిరాదు. పెద్ద అక్షరాలతో, సైజు 18 పెట్టి, కాగితానికి ఒకవైపే ప్రింటు తీయించండి, పేజీ నంబర్లు వేసుకోండి. చేత్తో రాసుకున్నా మంచిదే. ఫోన్‌లో మాత్రం వద్దు, సరిగ్గా ఆ ఐదు నిమిషాల్లోనే దారి తెలియని బంధువు ఎవరో ఫోన్ చేస్తారు. కాగితం ఫ్యాను గాలికి ఎగరకుండా కింద అట్ట ఏదైనా పెట్టుకోండి.

మాది క్రైస్తవ కుటుంబం. మాకు ఇది వేరుగా ఉంటుందా?

మీకు ఈ అలవాటు ముందునుంచే ఉంది. సమాధి కార్యక్రమంలోనూ, తర్వాత పెట్టే జ్ఞాపకార్థ కూడికలోనూ కుటుంబంనుంచి ఒకరిద్దరిని మాట్లాడమంటారు. పాస్టరుగారిని ముందే కలిసి మీకు ఎన్ని నిమిషాలు, వాక్యానికి ముందా తర్వాతా అని కనుక్కోండి. అక్క బైబిలు తెరిచి చూడండి, ఆమె గీతలు గీసుకున్న వచనాలు, అంచుల్లో రాసుకున్న తేదీలు ఉండొచ్చు. వాక్యం వివరించడం పాస్టరుగారి పని, ఆ వచనం పక్కన ఆమె ఆ తేదీ ఎందుకు వేసుకుందో చెప్పడం మీ పని.

మేము అమెరికాలో ఉన్నాం. ఇక్కడ ఎలా?

అక్కడ ఫ్యునరల్ హోమ్‌లో గంటల లెక్కన టైమ్ ఇస్తారు, పూజ, చివరి చూపు, మాటలు అన్నీ అందులోనే. కాబట్టి మాట్లాడేది దహనానికి ముందు, ఆమె ఎదురుగా ఉండగా. అది చాలా కష్టం, ప్రసంగం మూడు నిమిషాలకి తగ్గించుకోండి. ఆమె ఆఫీసువాళ్ళు, పక్కింటివాళ్ళు తెలుగు రానివాళ్ళు వస్తారు. తెలుగులో మాట్లాడి, ఇంగ్లీషు కాపీ ప్రింటు తీసి ఇవ్వడం నాకు తెలిసిన ఒక కుటుంబం చేసిన పని. ప్రతి వాక్యం రెండు భాషల్లో చెప్తే రెండూ చెడతాయి.

వెళ్ళలేక ఇక్కడినుంచి జూమ్‌లో మాట్లాడేవాళ్ళు టైమ్ లెక్క సరిచూసుకోండి: డాలస్‌కీ మనకీ ఎండాకాలం పదిన్నర గంటల తేడా, చలికాలం పదకొండున్నర. జూమ్ ఉచిత అకౌంట్ అయితే 40 నిమిషాలకి మీటింగు ఆగిపోతుంది, ఎవరో మాట్లాడుతుండగా మధ్యలో తెగిపోవడం అనవసరమైన బాధ, ఆ నెలకి డబ్బు కట్టెయ్యండి. అందరి మైకులూ ఆపే పని ఒక్కరికి అప్పజెప్పండి.

పద్యమో పాటో పెట్టొచ్చా?

ఆమె పాడుకునేదైతే పెట్టండి, ఒక్క చరణం. మీకు బాగా వచ్చని మాత్రం వద్దు.

ఏఐ యాప్‌కి చెప్పి రాయించుకోవచ్చా?

అడిగితే చక్కగానే రాసిస్తుంది. కానీ నేను చింపేసిన మొదటి కాగితం ఎలా ఉందో అలాగే రాస్తుంది, ఎందుకంటే పిన్నీసుల సంగతి దానికి తెలియదు. మీరు రాసుకున్నదాంట్లో అక్షరదోషాలు చూడమనండి, ఇంగ్లీషులోకి మార్చమనండి, అంతవరకు సరే.

అమ్మ ముందు ఇవన్నీ చెప్తే తట్టుకోగలదా?

అమ్మకి ముందురోజే చదివి వినిపించండి, ఒంటరిగా, తలుపు వేసుకుని. ఆ ఏడుపేదో అక్కడే అయిపోతుంది, సభలో కొత్తగా గుండెకి తగిలేది ఉండదు. మా అమ్మ విని ఒక తప్పు దిద్దింది కూడా: అక్క ఉద్యోగంలో చేరింది నేను రాసిన ఏడాది కాదట, ఆ ముందు ఏడాదట. కడుపుకోతలో కూడా ఆ లెక్క తప్పు పోనివ్వలేదు. వద్దు అని అమ్మ అన్న సంగతి ఏదైనా ఉంటే వాదించకుండా తీసెయ్యండి.

మాట్లాడాక ఆ కాగితం ఏం చెయ్యాలి?

పారెయ్యకండి. ఆమె పిల్లలకి తలా ఒక కాపీ ఇవ్వండి, ఇప్పుడు చదవలేకపోయినా పదేళ్ళ తర్వాత చదువుతారు. ఎవరినైనా ఫోన్‌లో రికార్డు చెయ్యమని ముందే అడగండి. నన్నెవరూ చెయ్యలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. సభ అయ్యాక మీ దగ్గరికి వచ్చి జనం చెప్పేవి కూడా ఆ రాత్రే రాసుకోండి. నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, ఎవరో తెలియదు. "మేడం నాకూ పెట్టారండి, రెండో తరగతిలో, నిక్కరుకి" అన్నాడు. ఇంకేం చెప్పలేక అలా నిలబడ్డాడు. భోజనం చేసి వెళ్ళు నాన్నా అన్నాను.

నా రెండు కాగితాలూ అక్క చీరల బీరువాలో, పై అరలో ఉన్నాయి. స్టేప్లర్ కొట్టలేదు. అక్క కూతురు వాటిని పెద్ద పిన్నీసుతో కలిపి పెట్టింది.